ఎండలో దూరపు పరుగు, ఒంటిని చల్లబరచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దవాళ్లు అంటారు. మా రన్నింగ్ గ్రూపులో ప్రశ్నలు మొదలయ్యేదీ అప్పుడే. విజయవాడలో మేం పది పన్నెండు మందిమి తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీదుగా పరిగెడతాం. జనవరిలో కబుర్లు చెప్పుకుంటూ 15 కిలోమీటర్లు వెళ్లొచ్చినవాళ్లే మార్చి చివరికి ఎనిమిదో కిలోమీటరు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోతారు. "నాకేమైంది?" అని టెన్షన్ పడతారు. వాళ్లకేమీ కాలేదు, వేడి పెరిగింది. ఆ వేడిని ఎలా దించుకోవాలో కొన్నేళ్లుగా చదివి, చేసి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి.

చలికాలంలో హాయిగా పరిగెత్తిన దూరమే ఎండాకాలంలో ఎందుకంత కష్టం?

పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా కదలికగా మారదు. మిగతాదంతా వేడే. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెత్తితే దాదాపు 600 కేలరీలు ఖర్చవుతాయి. అందులో కనీసం 450 వేడిగా ఒంట్లోనే పుడతాయి. అదే మనిషి ఒంటి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరగడానికి 50 కేలరీలు చాలు. లెక్క మీరే వేసుకోండి. వేడి బయటికి పోయే దారి లేకపోతే 37 డిగ్రీల ఒళ్లు 10 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 46కి చేరాలి. 40 దాటితేనే ప్రమాదం. అంటే మనం పరిగెత్తినంతసేపూ ఒళ్లు ఆ వేడిని బయటికి తోసే పనిలోనే ఉంటుంది.

ఆ పనికి రక్తం కావాలి. లోపలి వేడిని చర్మం దాకా మోసుకొచ్చేది అదే. కాళ్ల కండరాలకు ప్రాణవాయువు అందించేదీ అదే. చలిలో రెండు పనులూ సరిపోతాయి. ఎండలో చర్మం ఎక్కువ వాటా అడుగుతుంది, చెమటగా నీరు పోవడంతో ఉన్న రక్తమూ తగ్గుతుంది, గుండె అదే వేగానికి నిమిషానికి పది పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. 1997లో గాలోవే, మాన్ అనే పరిశోధకులు ఒకే మనుషుల చేత ఒకే తీవ్రతతో నాలుగు రకాల చలి, వేడిలో సైకిల్ తొక్కించారు. 11 డిగ్రీలలో సగటున 93 నిమిషాలు తొక్కగలిగారు. 31 డిగ్రీలలో 52 నిమిషాలకే ఆగిపోయారు. 31 అంటే మన మే నెలలో రాత్రిపూట ఉండే వేడి.

చెమట ధారగా కారుతోంది. అంటే ఒళ్లు చల్లబడుతున్నట్టే కదా?

కాదు. కారిన చెమట వల్ల లాభం లేదు. ఆరిన చెమటే చల్లబరుస్తుంది. ఈ పేజీలో ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో మంచినీళ్ల కుండని చూడండి. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఊరి, కుండ బయట తడితడిగా ఉంటుంది. ఆ తడి గాలికి ఆరుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. కొత్త కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. రంధ్రాలు మూసుకుపోయిన పాత కుండలో అంత చల్లగా ఉండవు. మన చర్మం పనిచేసే పద్ధతీ అంతే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కేలరీల వేడి పోతుంది. పై లెక్కలోని 450 కేలరీలకు ముప్పావు లీటరు పైచిలుకు చెమట చాలు, అంతా ఆరిపోయే మాటైతే.

ఆరడమే కష్టం. హైదరాబాద్‌లో, రామగుండంలో ఏప్రిల్‌లో కూలర్ పెడితే గది చల్లబడుతుంది. అదే కూలర్ విశాఖలో పెడితే గది చెమ్మగిల్లి ఇంకా ఉక్కపోస్తుంది. కారణం ఒకటే, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంది, ఇంకో చుక్కకు చోటు లేదు. బీచ్ రోడ్డు మీద మీ బనియన్ పిండితే నీళ్లు కారుతున్నాయంటే, ఆ నీళ్లన్నీ మీ ఒంట్లోంచి పోయి కూడా మిమ్మల్ని చల్లబరచలేదన్నమాట. అందుకే ఎక్కడ పరిగెడుతున్నారన్నదాన్ని బట్టి చల్లబరచుకునే పద్ధతి మారాలి. పొడి ఎండలో ఒంటి మీద నీళ్లు పోసుకుని గాలికి ఆరనిస్తే గొప్పగా పనిచేస్తుంది. ఉక్కలో ఆ నీళ్లు ఆరవు కాబట్టి, నీళ్లే చల్లగా ఉండాలి, లేదా ఐసు కావాలి.

యాప్‌లో ఏం చూసి బయల్దేరాలి? తెల్లవారుజామున చల్లగానే ఉంటుంది కదా?

ఉష్ణోగ్రత తక్కువ ఉంటుంది, తేమ శాతం మాత్రం రోజులో కెల్లా ఎక్కువ అప్పుడే. మే నెలలో విజయవాడలో ఉదయం 5 గంటలకు 29 డిగ్రీలు ఉండి, 85 శాతం తేమ ఉంటే అది చల్లని పొద్దు కాదు. నేను చూసేది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. అది ఎంత ఎక్కువుంటే చెమట ఆరడం అంత కష్టం. చాలా వాతావరణ యాప్‌లలో ఉంటుంది. అది 20 లోపు ఉంటే నా మామూలు వేగంతోనే వెళతాను. 24 దాటితే టైమ్ గురించి ఆలోచించను, గుండె వేగం చూసుకుని నెమ్మదిగా వెళతాను. 26 దాటితే దూరం సగం చేస్తాను. ఇవి నా ఒంటికి సరిపోయిన అంకెలు, మీవి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

అయినా సూర్యుడు లేకపోవడం పెద్ద లాభమే. నేరుగా పడే ఎండా, వేడెక్కిన తారూ మోపే భారం తప్పుతుంది. కాబట్టి తెల్లవారుజామే మంచిది. సాయంత్రం 5 గంటలకు బ్యారేజీ కాంక్రీటు ఇంకా పెనంలా ఉంటుంది.

పరుగు మొదలవకముందే ఒంటిని చల్లబరచడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది. దీనికి నాకు బాగా నచ్చిన ప్రయోగం 1999లో కోపెన్‌హాగన్ పరిశోధకులు ప్రచురించినది. శిక్షణ పొందిన సైక్లిస్టులను 40 డిగ్రీల గదిలో తొక్కించారు. తొక్కే ముందు అరగంట సేపు నీళ్లలో కూర్చోబెట్టారు, ఒకరోజు చల్లని నీళ్లలో, ఒకరోజు ఒంటి వేడి ఉన్న నీళ్లలో, ఇంకోరోజు వేడినీళ్లలో. చల్లబడి మొదలుపెట్టినప్పుడు 63 నిమిషాలు తొక్కారు. మామూలుగా మొదలుపెడితే 46 నిమిషాలు. వేడెక్కి మొదలుపెడితే 28 నిమిషాలు. మూడుసార్లూ ఆగిపోయినప్పుడు లోపలి ఉష్ణోగ్రత చూస్తే దాదాపు ఒకటే, 40 డిగ్రీలకు కాస్త పైన. మొదలెక్కడైనా ఒళ్లు ఆ గీత దగ్గరికొచ్చేసరికి ఇక చాలంటోంది. మనం చేయగలిగింది ఆ గీతకు వీలైనంత దూరం నుంచి బయల్దేరడం.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ సాయంత్రం 6 గంటలకు, 35 డిగ్రీల వేడిలో మొదలైంది. అమెరికా రన్నర్ డీనా కాస్టర్ ఐస్ వెస్ట్ (ఐసు నింపిన చేతుల్లేని జాకెట్) వేసుకునే వార్మప్ చేసింది, కాంస్యం గెలిచింది. అప్పటి ప్రపంచ రికార్డు పౌలా రాడ్‌క్లిఫ్‌ది. ఆమె 36వ కిలోమీటరు దగ్గర ఆగిపోయింది. ఒక్క వెస్ట్ వల్లే ఇదంతా జరిగిందని నేననను. కానీ స్టార్ట్ లైన్‌కు వేడెక్కి రాకూడదన్న జాగ్రత్త ఆ స్థాయివాళ్లు కూడా తీసుకుంటారని మాత్రం చెప్పగలను.

ముందుగా చల్లబరచిన ప్రభావం 20, 30 నిమిషాల తర్వాత తగ్గిపోతూ వస్తుంది. 10 కిలోమీటర్లకు అది చాలావరకు సరిపోతుంది. హాఫ్ మారథాన్ దాటితే మధ్యలో కూడా ఏదో ఒకటి చేయాలి.

ఐసు గుజ్జు తాగమని చెప్తున్నారు. ఎలా చేసుకోవాలి, ఎంత తాగాలి?

నా దృష్టిలో మన దగ్గర అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతుల్లో ఇదే మేలు. కిలో నీళ్లు 0 నుంచి 37 డిగ్రీలకు రావడానికి 37 కేలరీల వేడి తీసుకుంటాయి. కిలో ఐసు కరగడానికే 80 కేలరీలు కావాలి, ఆ తర్వాత మళ్లీ ఆ 37. అందుకే అంతే చల్లని నీళ్ల కంటే గుజ్జు ఐసు ఒంట్లోంచి చాలా ఎక్కువ వేడి లాగుతుంది. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో 34 డిగ్రీల వేడిలో పరిగెత్తే ముందు ఒకసారి 4 డిగ్రీల చల్లనీళ్లు, ఇంకోసారి గుజ్జు ఐసు, కిలో బరువుకు 7.5 గ్రాముల చొప్పున ఇచ్చారు. చల్లనీళ్లతో సగటున 40.7 నిమిషాలు, గుజ్జుతో 50.2 నిమిషాలు పరిగెత్తారు.

60 కిలోల మనిషికి ఇది 450 గ్రాములు, అంటే రెండు పెద్ద గ్లాసులు. నేను చేసే విధానం చెప్తాను. ముందురోజు రాత్రి అరలీటరు కాచి చల్లార్చిన నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల పంచదార, అర నిమ్మకాయ రసం, రెండు చిటికెల ఉప్పు కలుపుతాను. అందులో మూడింట రెండు వంతులు ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడతాను, మిగతాది సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుతాను. స్టీలు ఫ్లాస్కును కూడా మూత తీసి ఫ్రిజ్‌లోనే పెట్టేస్తాను. వేడి ఫ్లాస్కులో పోస్తే సగం గుజ్జు అక్కడే కరుగుతుంది. తెల్లవారి మిక్సీ పెద్ద జార్‌లో ముందు సీసాలోని నీళ్లు, పైన ఐసు ముక్కలు వేసి ఆపి ఆపి తిప్పుతాను. ఒకేసారి తిప్పితే ముక్కలు బ్లేడు కింద ఇరుక్కుంటాయి, మిక్సీ మూలుగుతుంది. తడి ఇసుకలా, చెంచాతో తీస్తే జారేలా వస్తే సరిగ్గా కుదిరినట్టు.

స్టార్ట్‌కు 40 నిమిషాల ముందు మొదలుపెట్టి, పది నిమిషాల ముందు ముగించండి. గుటకలు వేస్తూ మింగితే నుదురు పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది. చెంచాతో మెల్లగా తినండి. రేసు రోజున మొదటిసారి ప్రయత్నించొద్దు, కొందరికి కడుపు ఇబ్బంది పెడుతుంది. రెండు మూడు ఆదివారాలు ముందే చేసి చూసుకోండి.

ఇంకో మాట. పరుగు మధ్యలో ఇదే పనిగా గుజ్జు తాగితే అంత లాభం ఉండదు. పొట్టలోకి చల్లదనం చేరగానే ఒళ్లు చెమట పట్టించడం కొంచెం తగ్గిస్తుంది. పొడి వాతావరణంలో ఆ చెమటే మనకు ముఖ్యం. కాబట్టి గుజ్జు ముందు, ఒంటి మీద నీళ్లు మధ్యలో.

ఐస్ వెస్ట్ కొనాలా?

అక్కర్లేదు. ఖరీదు ఎక్కువ, బరువు, వేసుకుని పరిగెత్తలేం కూడా. రెండు తుండుగుడ్డలు తడిపి, మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. ఐసు నీళ్లు పోసిన థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్లండి. ఒకటి మెడ చుట్టూ, ఒకటి తొడల మీద. ఐదు నిమిషాలకోసారి మళ్లీ డబ్బాలోని ఐసు నీళ్లలో ముంచండి. తొడలు మరీ మొద్దుబారేలా చల్లబరచొద్దు. చలికి బిగుసుకున్న కండరం మొదటి కిలోమీటరులో సరిగ్గా పనిచేయదు. స్టార్ట్‌కు ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా జాగ్ చేస్తే చాలు, ఎండాకాలంలో అరగంట వార్మప్ ఎవరికీ అవసరం లేదు.

మధ్యలో నీళ్లు దొరికితే తాగాలా, నెత్తిన పోసుకోవాలా?

రెండు గ్లాసులు తీసుకోండి. ఒకటి నోటికి, ఒకటి నెత్తికి. ఒక్కటే దొరికితే, దాహం ఉంటే తాగండి, లేకపోతే పోసుకోండి.

పోసుకునేటప్పుడు నడినెత్తి మీద కుమ్మరిస్తే సగం కిందపడుతుంది, మిగతాది బూట్లలోకి పోతుంది. తడిసిన సాక్సులు పది కిలోమీటర్ల తర్వాత బొబ్బలు తెప్పిస్తాయి. కొంచెం ముందుకు వంగి మెడ వెనక పోసుకోండి, తర్వాత ముంజేతుల మీద, మొహం మీద చల్లుకోండి. మొహం, మెడ చల్లగా ఉంటే మనసుకు పరుగు తేలికనిపిస్తుంది, ఇది పరిశోధనల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించింది. మెడ చల్లబరిస్తే లోపలి ఉష్ణోగ్రత పెద్దగా తగ్గకపోయినా ఎక్కువసేపు పరిగెత్తగలుగుతారు. ఇందులోనే ఒక అపాయం కూడా ఉంది. హాయిగా అనిపించడం వేరు, చల్లబడటం వేరు. వేగం పెంచే ముందు గుండె వేగం చూసుకోండి.

ఐసు దొరికితే టోపీలో నాలుగు ముక్కలు వేసుకుని పెట్టుకోండి. అది కరుగుతూ పది నిమిషాలు మెడ మీదికి కారుతూనే ఉంటుంది. మా గ్రూపులో ఒక అక్క తన పాత చున్నీని సన్నగా కోసి, ఐసు ముక్కలు పట్టే గొట్టంలా కుట్టించింది. మెడకు కట్టుకుంటే ముడి ముందుకు వస్తుంది. ఇప్పుడు మా అందరి దగ్గరా అలాంటిది ఒకటుంది, టైలర్ ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

పుదీనా, మెంథాల్ చల్లదనం పనికొస్తుందా?

నోట్లో వేసుకుని పుక్కిలించే మెంథాల్ ద్రావణం వల్ల వేడిలో ఎక్కువసేపు పరిగెత్తగలిగారని పరిశోధనలు ఉన్నాయి. కానీ మెంథాల్ ఒంటిని ఒక్క డిగ్రీ కూడా చల్లబరచదు. చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టి లేపుతుంది, మెదడు హాయిగా ఉందనుకుంటుంది. చిన్న పరుగులో చివరి రెండు కిలోమీటర్లకు సరే. ఒంటినిండా అమృతాంజనం లాంటివి రాసుకుని పరిగెత్తడం మాత్రం వద్దు. చర్మం మండుతుంది, పైగా ఒళ్లు ఎంత వేడెక్కిందో మనకే తెలియకుండా పోతుంది.

వేడి మీద చల్లనీళ్లు తాగితే జలుబు చేస్తుందంటారు?

జలుబు వైరస్ వల్ల వస్తుంది, చల్లనీళ్ల వల్ల కాదు. గొంతు సున్నితంగా ఉన్నవాళ్లు గటగటా తాగకుండా మెల్లగా తాగితే సరిపోతుంది. మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు, అందుకని ఆవిడ ముందు కుండ నీళ్లే తాగుతాను.

ఎన్ని నీళ్లు తాగాలి? ఓఆర్ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లలో ఏది మంచిది?

అందరికీ ఒకే అంకె లేదు. మీ అంకె మీరే కనుక్కోవచ్చు. పరుగుకు ముందు ఒళ్లు తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. గంట పరిగెత్తి వచ్చి, మళ్లీ తుడుచుకుని చూసుకోండి. కిలో తగ్గితే, మధ్యలో తాగింది కూడా కలుపుకుంటే, అదే మీ గంట చెమట. ఎండాకాలంలో గంటకు లీటరు దాటడం మామూలే. పోయిందంతా అప్పటికప్పుడు తాగి పూడ్చక్కర్లేదు. దాహాన్ని బట్టి తాగుతూ, బరువు 2 శాతం కంటే ఎక్కువ తగ్గకుండా చూసుకుంటే చాలు. పరుగు అయ్యాక బరువు పెరిగి ఉంటే మాత్రం అది ప్రమాద సూచన. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంది. వాళ్లలో ఎక్కువగా కనిపించిన కారణం అతిగా తాగి బరువు పెరగడమే. తలనొప్పి, వాంతి, చేతివేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం దాని గుర్తులు. అలాంటప్పుడు ఇంకా నీళ్లు తాగించకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గంట లోపు పరుగుకు మంచినీళ్లు చాలు. అంతకు మించితే ఉప్పు, పంచదార కావాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం బోలెడు, సోడియం తక్కువ. మన చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. అందుకే కొబ్బరినీళ్లు పరుగు తర్వాత ఉప్పు బిస్కెట్‌తోనో, ఉప్మాతోనో తీసుకుంటాను. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ పరుగయ్యాక అమృతం. పరిగెత్తేటప్పుడు కొందరికి కడుపులో పులుస్తుంది.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు పొడి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మేవాటిలో చాలావరకు ఇది కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్లతరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార నాణ్యతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఫార్ములా లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆవిడ పట్టుదల పిల్లలకే కాదు, మన రన్నర్లకూ మేలు చేసింది.

ఎండకు ఒంటిని అలవాటు చేసుకోవచ్చా?

తప్పకుండా. ఇంతవరకు చెప్పిన ఐసు పద్ధతులన్నిటికంటే ఇది బలమైనది. 10 నుంచి 14 రోజులు, రోజూ గంట నుంచి గంటన్నర వేడిలో నెమ్మదిగా వ్యాయామం చేస్తే ఒళ్లు మారిపోతుంది. మొదటి వారంలోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. పొలంలో పనిచేసేవాళ్లు మనం తట్టుకోలేని ఎండలో గంటలు గంటలు నిలబడగలగడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమే. రోజంతా ఏసీలో కూర్చుని ఆదివారం ఒక్కరోజు ఎండలోకి వచ్చే మనకి అది ఉండదు.

మొదటి మూడు నాలుగు రోజులు దూరం సగానికి తగ్గించండి. ఒంటరిగా వెళ్లొద్దు. ఎండలోకి వెళ్లే వీలు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. మామూలు పరుగు అయిన వెంటనే 40 డిగ్రీల వేడినీళ్లలో మెడ దాకా 40 నిమిషాల వరకు కూర్చోవడం. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో ఆరు రోజులు ఇలా చేసినవాళ్లు, వేడిలో 5 కిలోమీటర్ల పరుగును దాదాపు 5 శాతం వేగంగా పూర్తిచేశారు. బాత్‌టబ్ ఉండాలి, ఇంట్లో ఇంకొకరు ఉండాలి, తల తిరిగితే వెంటనే లేవాలి, లేచేటప్పుడు మెల్లగా లేవాలి. అలవాటు మానేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో పోతుంది కూడా. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద తయారైనవాళ్లు ఆ ఉక్కలో ఎందుకు ఇబ్బంది పడతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అలాగైతే రోజూ ట్రైనింగ్‌లో ఐసు వాడొచ్చా?

వద్దు. రోజూ చల్లబరిస్తే ఒంటికి అలవాటయ్యే అవసరమే రాదు. గట్టి వేగంతో చేసే రోజున, రేసు రిహార్సల్ రోజున వాడండి.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. నిజమా?

కాదు. జేబులోని ఉల్లిపాయ ఒంట్లోంచి వేడిని తీయదు. మజ్జిగన్నంలో నంజుకోండి, బావుంటుంది.

నేను కానిస్టేబుల్ సెలక్షన్‌కు 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇవన్నీ నాకూ వర్తిస్తాయా, చెప్పన్నా?

వర్తించేవి కొన్నే తమ్ముడూ. ఏడెనిమిది నిమిషాల పరుగులో ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కేంత సమయం మామూలుగా ఉండదు. కండరాలు వెచ్చగా ఉండటమే నీకు లాభం. ఐసు గుజ్జు అవసరం లేదు. నీ అసలు సమస్య పరుగుకు ముందు ఎండలో నిలబడే సమయం. తెల్లవారుజామున రమ్మంటారు, సర్టిఫికెట్లు, ఎత్తు, ఛాతీ కొలతలు అయ్యేసరికి పది దాటుతుంది. అప్పటికే ఒళ్లు సగం వేడెక్కి, నీళ్లు తగ్గి ఉంటావు. గొడుగో, తడి తుండుగుడ్డో, లీటరు నీళ్లో, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టో నీతో ఉండాలి. నీడ ఎక్కడుంటే అక్కడ కూర్చో. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. జ్వరం ఉంటే దాచిపెట్టి పరిగెత్తొద్దు. ఈ ఉద్యోగం కోసం మీ ఇంట్లో ఎంత ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు, అయినా చెప్తున్నాను.

వడదెబ్బ అని ఎలా గుర్తుపట్టాలి? వెంటనే ఏం చేయాలి?

పిక్కలు పట్టేయడం, నీరసం, తల తిరగడం ఇవి హెచ్చరికలు. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తి, నీళ్లిస్తే చాలామంది తేరుకుంటారు. మాట తడబడటం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, కోపంగా తోసేయడం, తూలిపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బే అనుకోండి. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అని వదిలేయకండి. పరిగెత్తేవాళ్లకు వచ్చే వడదెబ్బలో ఒళ్లు చెమటతో తడిసే ఉండొచ్చు.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో ఉండవల్లి దాటాక పొలాల మధ్య రోడ్డు మీద మా గ్రూపు కుర్రాడికి ఇలా అయ్యింది. 22 ఏళ్లు, మా అందరికంటే వేగం. 18వ కిలోమీటరులో రోడ్డుకు అడ్డంగా పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఎక్కడున్నామని అడిగితే కాలేజీలో అన్నాడు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, చొక్కా అంతా తడి. పక్క పొలంలో బోరు నడుస్తోంది, సిమెంటు తొట్టిలో నీళ్లు పడుతున్నాయి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మేం ముగ్గురం బూట్లతోనే ఎత్తుకెళ్లి ఆ తొట్టిలో కూర్చోబెట్టాం. తల మునగకుండా చంకల కింద తుండుగుడ్డ వేసి ఒకరు వెనక నుంచి పట్టుకున్నారు. నేను చేత్తో నీళ్లు కలుపుతూ ఉన్నాను, పైపు నీళ్లు మెడ మీద పడేలా పెట్టాం. బోరు నీళ్లు ఐసంత చల్లగా ఉండవు, కానీ ధారగా వస్తూనే ఉన్నాయి. పన్నెండో నిమిషంలో వాడు నా పేరు పెట్టి పిలిచి, "అన్నా, నా ఫోనేది?" అన్నాడు. నాకు కాళ్లలో వణుకు అప్పుడు మొదలైంది.

ఆ రోజు మేం చేసింది తెలిసి చేసిందే. దీనికి నియమం ఒకటే, ముందు చల్లబరచు, తర్వాత తరలించు. లోపలి ఉష్ణోగ్రత అరగంటలో 40 కిందికి దిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చోవద్దు. ఐసు నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచడం అన్నిటికంటే మేలు. తొట్టి లేకపోతే నీళ్లు ఆపకుండా పోస్తూ విసరండి, ఐసు నీళ్లలో ముంచిన గుడ్డలు ఒళ్లంతా కప్పి రెండు నిమిషాలకోసారి మార్చండి. చంకల్లో మాత్రమే ఐసు పెడితే సరిపోదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు, ఇది జ్వరం కాదు. చంకలో థర్మామీటర్ పెట్టి తక్కువ చూపించిందని నమ్మొద్దు. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కాలేయం, కిడ్నీలు దెబ్బతిన్నాయేమో రక్తపరీక్షలోనే తెలుస్తుంది. మా కుర్రాడు డాక్టర్ అనుమతితో నెలన్నర తర్వాత నడకతో మొదలుపెట్టాడు.

ఎలాంటి రోజున అసలు పరిగెత్తకూడదు?

జ్వరం, విరేచనాలు, ముందురోజు మందు తాగడం, నిద్ర లేకపోవడం. వీటిలో ఏది ఉన్నా వేడిలో పరిగెత్తొద్దు. బీపీకి నీళ్లు పోయే మాత్రలు వాడేవాళ్లు, అలర్జీ మాత్రలు వేసుకున్నవాళ్లు డాక్టర్‌ని అడగండి. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మానేయండి. నీరు తగ్గిన ఒంట్లో ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు హాని చేస్తాయి.

మా ఊళ్లో రన్ పెడుతున్నాం. నిర్వాహకులుగా ఏం ఏర్పాటు చేయాలి?

ముందు టైమ్. 2019లో దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ మహిళల మారథాన్ అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు మొదలుపెట్టారు. అయినా 32 డిగ్రీలు, 70 శాతానికి పైగా తేమ. 68 మంది మొదలుపెడితే 40 మందే పూర్తిచేశారు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను ఎండకు భయపడి దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని సప్పోరోకు మార్చారు, మహిళల పరుగును ముందురోజు రాత్రి నిర్ణయించి ఇంకో గంట ముందుకు జరిపారు. ఒలింపిక్స్ వాళ్లే మార్చుకున్నప్పుడు మన ముఖ్య అతిథి కోసం 5 గంటల స్టార్ట్‌ని 6.15 దాకా ఆపడం ఎంత తప్పో ఆలోచించండి. నేను పరిగెత్తిన ఒక హాఫ్ మారథాన్‌లో అదే జరిగింది. జెండా ఊపడానికి పెద్దమనిషి వచ్చేసరికి సూర్యుడొచ్చాడు. 16వ కిలోమీటరు టేబుల్ మీద ఖాళీ గ్లాసులు, పక్కన ఎండలో ఉన్న నీలం డ్రమ్ములో వేడెక్కిన నీళ్లు. అక్కడున్న వలంటీర్ పాప ఏడుపు మొహంతో సారీ అంకుల్ అంటూనే ఉంది. తప్పు ఆ పాపది కాదు.

ఐసు ముందే మాట్లాడిపెట్టుకోండి. ఒంటి మీద వాడేదానికి ఐసు ఫ్యాక్టరీ దిమ్మ చాలు, తాగడానికి మాత్రం మంచినీళ్లతో చేసిన ఐసే వాడాలి. రెండూ వేర్వేరు డబ్బాల్లో, పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. చివర్లో వచ్చేవాళ్లు ఎక్కువసేపు ఎండలో ఉంటారు, వాళ్లకు నీళ్లు మిగలాలి. ఫినిష్ దగ్గర నీడలో ఒక మనిషి పట్టే ప్లాస్టిక్ తొట్టి, సగం నీళ్లు, పక్కన థర్మాకోల్ డబ్బాలో ఐసు, దాన్ని వాడటం తెలిసిన ఇద్దరు మనుషులు ఉండాలి. అమెరికాలోని ఫాల్‌మౌత్‌లో ఏటా ఆగస్టులో 11 కిలోమీటర్ల రేసు జరుగుతుంది. 18 ఏళ్లలో అక్కడ 274 మందికి వడదెబ్బ తగిలితే, అక్కడికక్కడే ఐసు నీళ్ల తొట్టిలో ముంచి అందరినీ, ఒక్కరు కూడా తప్పకుండా, బతికించుకున్నారు. అలాంటి తొట్టి మన దగ్గర పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే షాపులో దొరుకుతుంది. పోయినసారి మేం రోజుకు 150 రూపాయలకు తెచ్చాం, వాడాల్సిన పని పడలేదు, ఈసారీ అదే షాపులో అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.